రేపు మళ్లీ వచ్చేవాడి కోసం

(తిరుపతిలో ఒక వీధి గ్రంథాలయం ఏర్పాటు చేసిన సాయంకాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

సాయంత్రం ఆరున్నరకు తిండి గురించి మాట్లాడమని పిలిచి, కాఫీ మాత్రం ప్రసంగం అయ్యాకే ఇస్తామన్నారు. ఆకలిగా ఉన్నవాడు తిండి గురించి బాగా మాట్లాడతాడని నిర్వాహకులకు తెలిసినట్టుంది.

నన్ను పరిచయం చేసిన పెద్దాయన 'ఆహార నిపుణులు' అన్నారు. ఆ మాట విని మా ఆవిడ మూడో వరుసలో నవ్వింది, మీరు గమనించారో లేదో. నాకు గంజి వార్చడం కూడా సరిగ్గా రాదు. నేను పద్దులు రాసేవాణ్ణి. ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో చిన్న చిన్న హోటళ్లకు లెక్కలు రాశాను. బియ్యం బస్తాలు ఎన్ని దిగాయి, 19 కిలోల గ్యాస్ బండ ఎన్ని రోజులకు ఖాళీ అయింది, నూనె డబ్బాలు ఎన్ని తెగాయి, అన్నీ నా చేతి మీదుగా పోయాయి. వంటగదిలో ఏం జరుగుతోందో వంటవాడు దాచినా కొనుగోలు చీటీలు దాచవు. నెలకు మినప్పప్పు ఇంత, అమ్మిన ఇడ్లీలు ఇన్ని అని పక్కపక్కన రాసి చూస్తే ఆ ఇడ్లీ ఎందుకంత గట్టిగా ఉందో కాగితం మీదే తెలిసిపోతుంది.

ఆ పద్దుల్లోంచి నేను నేర్చుకున్నది ఒకే ఒక్క సంగతి. అది చెప్పి, మిగిలినదంతా దాని చుట్టూ తిప్పుతాను.

మామూలు ఊళ్లో హోటల్ బాగా లేకపోతే నాలుగు నెలల్లో తాళం పడుతుంది. మన ఊళ్లో పడదు. పొద్దున రైలు దిగినవాడు సాయంత్రానికి కొండ మీద ఉంటాడు, మర్నాడు వాళ్ల ఊళ్లో ఉంటాడు. సాంబారు నీళ్లలా ఉందని అతను ఎవరికి చెబుతాడు? అతను లేచిన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. అందుకే 'జనం కిటకిటలాడుతుంటే ఆ హోటల్ మంచిది' అనే సూత్రం తిరుపతిలో చెల్లదు. బస్టాండు ఎదుట కిటకిటలాడేది రుచి చూసి కాదు, ఆకలి వేసి. ఫోనులో నక్షత్రాలు చూసి వెళ్లేవారికీ ఇదే మాట. ఆ నక్షత్రాలు వేసినవారిలో ఎక్కువమంది అక్కడ ఒక్కసారే తిన్నారు, అదీ దర్శనం బాగా అయిన సంతోషంలో.

కాబట్టి ఇక్కడ చూడవలసింది ఒకటే. ఈ వంట ఎవరి కోసం? ఈ రోజు వచ్చి పోయేవాడి కోసమా, రేపు మళ్లీ వచ్చేవాడి కోసమా?

నెల ఖాతా ఉన్న హోటల్‌కూ లేని హోటల్‌కూ తేడా నాకు చీటీల్లోనే కనిపించేది. నెల టోకెన్లు తీసుకునే గుమాస్తాలు, కుర్ర డాక్టర్లు, మందుల కంపెనీ ప్రతినిధులు ఉన్న చోట నూనె కొనుగోలు ఏడాది పొడవునా ఒకే తీరుగా సాగేది. యాత్రికుల మీదే బతికే కొన్నిచోట్ల బ్రహ్మోత్సవాల నెలలో అమ్మకం రెట్టింపయ్యేది, నూనె కొనుగోలు మాత్రం కదిలేది కాదు. రెట్టింపు వడలు అదే నూనెలో ఎలా వేగాయో నన్ను అడగకండి. నూనె పదేపదే కాగితే పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఇక వంటకు వాడకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. దాన్ని కొలిచే పరికరం కూడా ఉంది. మన బజ్జీల బండి దగ్గర నేనింతవరకు చూడలేదు.

సరే, రకరకాల వంటల గురించి మాట్లాడమన్నారు కదా. మన ఊరికి ఏ వంటా దానంతట అది రాలేదు. ప్రతి వంటా ఒక మనిషి వెనకాల వచ్చింది.

మొదట టిఫిను సంగతి. మనం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ అంటున్నాం కానీ, 1911 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1953 దాకా మనకు రాజధాని మద్రాసు. తిరుత్తణి అప్పటి మన చిత్తూరు జిల్లాలోంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది 1960లో. కచేరీ పనికీ, చదువుకూ, పెళ్లి బట్టలకూ మద్రాసు వెళ్లినవాళ్లు అక్కడి ఇడ్లీ సాంబారు, డికాక్షన్ కాఫీ రుచి మరిగి వచ్చారు. అందుకే కోస్తా నుంచి వచ్చిన బంధువులు 'మీ ఊళ్లో సాంబారు అరవ సాంబారులా ఉంటుంది' అంటే నాకు కోపం రాదు. ఉంటుంది మరి. ఆ పక్కన గిన్నెలో ఉన్న చెనిక్కాయల, అంటే వేరుశెనగల, చట్నీ మాత్రం మనదే. మద్రాసులో కొబ్బరి చట్నీ తెల్లగా, సాధువుగా ఉంటుంది. మనది ఎండుమిరపకాయతో నూరిన గోధుమరంగు మొండి ఘటం.

పడమటి వైపు నుంచి ఇంకో దారి ఉంది. పలమనేరు దాటి కర్ణాటకలో అడుగుపెడితే ముళబాగిలు. అక్కడి దోసె బయట కరకర, లోపల దూది. బెంగళూరు బస్సుల వెంట ఆ దోసే, పళ్లెమంత తట్టె ఇడ్లీ కూడా మన బైపాసు రోడ్ల మీదికి వచ్చేశాయి. ఉడుపి పద్ధతి సాంబారులో బెల్లం ముక్క వేస్తారు. మన వాళ్లు మొదటి ముద్దకు ముఖం చిట్లించి, మూడో ముద్దకు ఇంకో గరిటె అడుగుతారు. ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

ఉత్తరాది తిండి ఈ ఊరికి నిన్నగాక మొన్న వచ్చిందని కుర్రవాళ్లు అనుకుంటారు. తిండి సంగతి ఎలా ఉన్నా, మనుషులు మాత్రం పాతవాళ్లే. 1843 నుంచి 1933 దాకా, అంటే తొంభై ఏళ్లు, కొండ మీది గుడి పాలన ఉత్తరాది సాధువుల హథీరాంజీ మఠం మహంతుల, అంటే మఠాధిపతుల, చేతిలో ఉంది. రొట్టె తిని పెరిగిన యాత్రికుడు ఈ వీధుల్లో ఏనాడూ కొత్తవాడు కాడు. వ్యాపారానికి వచ్చి స్థిరపడిన మార్వాడీ కుటుంబాలూ ఉన్నాయి. సన్నగా, పొడిగా కాల్చి, నెయ్యి రాసి, పప్పుతో పెట్టే పుల్కా భోజనం చిన్న గదుల్లో ఇప్పటికీ దొరుకుతుంది. అక్కడ తినేది ఎక్కువగా దుకాణాల్లో పనిచేసేవారే. వాళ్లు రేపూ వస్తారు, గుర్తు పెట్టుకోండి.

దానికి ఎదురుగా నాకు జరిగిన ముచ్చట ఒకటి చెబుతాను. పేరు చెప్పను. మా మనవడి పుట్టినరోజుకు ఒక పెద్ద హోటల్‌కు వెళ్లాం. లోపల చలి, గోడకు జలపాతం, చేతికి పద్నాలుగు పేజీల జాబితా. మూడు కూరలు చెప్పాం, మూడింటికీ వేర్వేరు పేర్లు. ఒకదాంట్లో పనీరు, ఒకదాంట్లో కోఫ్తా, ఒకదాంట్లో కూరగాయ ముక్కలు. తొమ్మిదేళ్ల పిల్లవాడు మూడింటిలోనూ నాను ముక్క ముంచి చూసి, 'తాతయ్యా, ఇవన్నీ ఒకే గిన్నెలోవి' అన్నాడు. సప్లయరు మా వైపు చూడకుండా నీళ్లు పోశాడు.

పిల్లవాడు చెప్పింది అక్షరాలా నిజం. చాలా వంటశాలల్లో పొద్దున్నే రెండు మూడు రకాల గ్రేవీలు కాచి పెట్టుకుంటారు. ఉల్లిపాయ, టమాటాలతో ఎర్రది ఒకటి, జీడిపప్పుతోనో పుచ్చగింజలతోనో తెల్లది ఒకటి. కూర చెప్పగానే అందులోంచి గరిటెడు తీసి, ముక్కలు వేసి, పైన కాస్త వెన్నో మీగడో కసూరీ మేతీయో చల్లి పంపిస్తారు. ఇది మోసమేమీ కాదు. ఇలా చేయకపోతే రెండు వందల పేర్ల జాబితాను ఏ వంటవాడూ మోయలేడు. నా ఫిర్యాదు పేర్ల మీద. మూడు పేర్లకు మూడు ధరలు వేసినప్పుడు చివర పడే పోపైనా మూడు రకాలుగా ఉండాలి కదా! అప్పటి నుంచి జాబితా నాలుగో పేజీ దాటితే నేను పెరుగన్నం చెబుతాను.

చైనా తిండి గురించి పెద్దగా చెప్పను. మనం తినేది చైనావాళ్లకు తెలియదు. కోడి మంచూరియాను 1975 ప్రాంతంలో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు కనిపెట్టాడని చెబుతారు. ఆయన చైనా సంతతివాడు, పుట్టింది కలకత్తాలో. మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చికి సోయా సాసు, మొక్కజొన్న పిండి కలిపాడు. తర్వాత కోడి పోయి కాలీఫ్లవర్ వచ్చింది, మన వీధి చివరి బండి దాకా చేరింది. ఒక్క సంగతి మాత్రం చూసుకోండి, రంగు. రోడమైన్ బి అనే రంగు బట్టలకు వేసేది, కడుపుకు కాదు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో, పీచు మిఠాయిలో దాన్ని నిషేధించింది. కాలీఫ్లవర్ ముక్క తిన్న వేలు సాయంత్రందాకా ఎర్రగా ఉంటే ఆ బండికి దండం పెట్టి రండి.

బిర్యానీకి వద్దాం. ఇక్కడ చాలామంది కళ్లు మెరిశాయి. కొండ కింద కూర్చుని మాంసం గురించి మాట్లాడవచ్చునా అని నిర్వాహకులలో ఒకరు ముందే అడిగారు. కొండ మీద నిషేధం, అక్కడ ఆ వాసనే ఉండకూడదు, అది సబబే. ఊళ్లో మాత్రం ఆదివారం పొద్దున మాంసం కొట్టు ముందు వరుస ఎంత ఉంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మన బిర్యానీకి రెండు పుట్టిళ్లు. ఒకటి హైదరాబాదు, పొడుగు బాస్మతి గింజ, పచ్చి మాంసం మీద సగం ఉడికిన అన్నం పరిచి దమ్ వేసేది. రెండోది మనకు ఇంకా దగ్గర, చిత్తూరు దాటి వేలూరు, అక్కడి నుంచి బెంగళూరు దారిలో ఆంబూరు. అక్కడ వాడేది సీరగ సాంబా బియ్యం. గింజ జీలకర్ర అంత సన్నగా ఉంటుంది, పేరు అందుకే వచ్చింది. పక్కన పుల్లటి వంకాయ కూర పెడతారు. బిర్యానీ పక్కన వంకాయ ఏమిటని మొదటిసారి నేనూ నవ్వాను. నాలుగు ముద్దల తర్వాత మాంసం కొవ్వు నోటికి పట్టేస్తే ఆ పులుపు దాన్ని కోసేస్తుంది. ఎవరో తెలివైన మనిషే పెట్టి ఉంటారు. ఆంబూరు ఉన్న జిల్లా పేరు తిరుపత్తూరు. ఆ పేరు చూసి మన ఊరి బిర్యానీ అనుకుని రాసినవారినీ చూశాను.

ఇప్పుడు మందీ వచ్చింది. నేల మీద కూర్చుని నలుగురూ ఒకే పళ్లెంలో తినేది. ఇది యెమెన్ దేశపు వంట. నిజాము కొలువులో సైనికులుగా పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల సంతతి హైదరాబాదులో బార్కస్ అనే పేటలో ఉంటారు. బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. అక్కడి నుంచి ఊరూరికీ పాకింది. అసలు పద్ధతిలో గొయ్యిలాంటి పొయ్యిలో అన్నం కింద, మాంసం పైన ఉంటాయి. మాంసం రసం బొట్టు బొట్టుగా అన్నంలోకి దిగుతుంది. మసాలా తక్కువ. మన రాయలసీమ నాలుకకు అది చప్పగా తగిలి, పక్కన ఎర్ర కారం గిన్నె అడిగాం. వాళ్లూ పెట్టారు. ఇక అది యెమెన్‌దీ కాదు, మనదీ కాదు. పిల్లలకు మాత్రం కలిసి తినడం సరదా.

ఇంత దూరం తిరిగి వచ్చాం కానీ నేను కాసేపు ఆగాలనుకున్నది సంగటి దగ్గర.

నా చిన్నతనంలో డబ్బిచ్చి రాగి సంగటి తినడం అంటే నవ్వేవారు. అది ఇంట్లో ఉండేది, పొలానికి వెళ్లేది. హోటల్‌కు వెళ్లేదే వరి అన్నం కోసం. ఇప్పుడు 'రాయలసీమ రుచులు' అని పెద్ద అక్షరాలు రాసి, సంగటి, నాటుకోడి పులుసు పళ్లెంలో అలంకరించి పెడుతున్నారు. మంచిదే. కానీ సంగటి హోటల్‌కు లొంగే వంట కాదు. ఎందుకో చెబుతాను. కాస్త ఎక్కువ నీటిలో బియ్యం మెత్తగా ఉడకాలి. దాని మీద రాగిపిండిని కుప్పగా పోసి, మధ్యలో తెడ్డు కాడతో గుంత చేసి, మూత పెట్టి సన్నని సెగ మీద వదిలేయాలి. పిండి ఆవిరికి ఉడికేదాకా చేయి పెట్టకూడదు. తొందరపడి కలిపితే ఉండలు కడుతుంది, లోపల పచ్చి వాసన ఉండిపోతుంది. తర్వాత గిన్నెను రెండు పాదాల మధ్య బిగించి తెడ్డుతో ఎనపాలి. చేయి తడి చేసుకుని ముద్ద కట్టాలి. అప్పుడు అది మెరుస్తుంది. తడి వేలితో నొక్కితే అంటుకోదు.

గంటన్నర గడిస్తే పైన పొర కడుతుంది, ఇంకాసేపటికి బంతి అవుతుంది. మధ్యాహ్నం నాలుగింటికి సంగటి ఉందని ఎవరైనా చెబితే అది మళ్లీ వేడి చేసిందే. బాగా నడిపే చోట పన్నెండుకు ఒక గిన్నె, ఒంటిగంటకు ఒక గిన్నె, రెండింటికి చివరి గిన్నె దించుతారు. అయిపోతే అయిపోయిందంటారు. అలా 'అయిపోయింది' అనగల హోటల్‌ను నమ్మండి. ఎప్పుడు వెళ్లినా అన్నీ ఉన్నాయనే హోటల్ దగ్గర నాకు భయం.

మరో మాట. సంగటిని నమలరు. చిన్న ముక్క తుంచి, పులుసులో దొర్లించి మింగాలి. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన ఉత్తరాది పిల్లవాడొకడు దాన్ని బిస్కెట్టులా నములుతూ పావుగంట అవస్థపడ్డాడు. పక్క బల్లమీది ముసలాయన లేచి వచ్చి, భాష రాకపోయినా, తన పళ్లెంలోంచి ముక్క తీసి మింగి చూపించాడు.

ఆ చదువుకునే పిల్లల గురించి చెప్పాలి. మన ఊరి ఐఐటీ, సైన్సు చదువుల సంస్థ ఐసర్ రెండూ 2015లో మొదలయ్యాయి. దేశం నలుమూలల పిల్లలు వచ్చారు. వారి వెనకాల మోమోలు, కేరళ పరోటా, గుడ్డు చుట్టిన కోల్‌కతా రోల్సు వచ్చాయి. వేలూరులో ఇదే సంగతి ఇంకో రకంగా జరిగింది. అక్కడ 1900లో మొదలైన సీఎంసీ ఆసుపత్రికి బెంగాల్ నుంచి రోగులు పెద్ద సంఖ్యలో వస్తారు. ఆసుపత్రి ఎదుటి వీధిలో బోర్డులు బెంగాలీలో ఉంటాయి, చేపల పులుసు, అన్నం వాళ్ల పద్ధతిలో దొరుకుతాయి. నెలల తరబడి వైద్యానికి ఉండిపోయేవారు ప్రతిరోజూ తింటారు కదా. తమిళ ఊళ్లో బెంగాలీ వంట నిలిచింది ఆ రోగుల నోటికోసం.

ఇక టమాటా కథ. 2023 జూలై మీకు గుర్తుండే ఉంటుంది. మన పక్కనే మదనపల్లె, దేశంలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. అక్కడే కిలో నూరు రూపాయలు దాటిపోయింది. అప్పటికి నేను పద్దుల పని తగ్గించుకున్నాను, రెండు హోటళ్లే చూసేవాణ్ణి. ఒకచోట టమాటా చీటీలు పూర్తిగా ఆగిపోయాయి, కానీ ఎర్ర చట్నీ మాత్రం రోజూ బల్ల మీదికి వస్తూనే ఉంది. దేంతో చేస్తున్నారని అడిగితే వంట మాస్టరు నవ్వి, 'సార్, గుమ్మడికాయ ఉంది, రంగు ఉంది' అన్నాడు. అక్కడ తినేవారంతా పెట్టెలతో వచ్చినవారు.

రెండోది ఆరు బల్లల హోటల్. గల్లా పెట్టె పక్కన ఒక నల్లబల్ల ఉండేది. దానిమీద సుద్దముక్కతో రాశారు: 'టమాటా చట్నీ లేదు. ధర తగ్గాక చేస్తాం. ఈ వారం ఊరుబిండి.' చెనిక్కాయలు, ఎండుమిరప, చింతపండు, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు. రోజూ వచ్చే గుమాస్తాలు సణిగారు. వారం తర్వాత 'టమాటా వచ్చినా ఇది ఆపకండి' అన్నారు. చారులో కూడా టమాటా మానేసి చింతపండు, మిరియాలు పెంచారు. లాభం ఆ నెల తగ్గింది, పద్దు నేనే రాశాను కాబట్టి తెలుసు. ఖాతాలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు.

బిల్లు గురించి రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను, లెక్కలవాణ్ణి కదా. మామూలు హోటల్‌లో జీఎస్టీ 5 శాతం. సర్వీసు చార్జీ అని విడిగా వేసేది పన్ను కాదు. దాన్ని తమంత తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే చెప్పింది. వద్దని చెప్పే హక్కు మీకుంది. కానీ బల్ల తుడిచే పిల్లవాడి చేతిలో విడిగా ఏమైనా పెట్టండి, అది ఎవరూ చెప్పనక్కరలేదు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభలోంచి ఒకరు: ఆ నల్లబల్ల హోటల్ ఇంకా ఉందా?)

ఉంది. పెద్దాయన పోయారు, కొడుకు చూస్తున్నాడు. బల్లలు ఎనిమిదయ్యాయి, ఫ్యాను ఒకటి పెరిగింది. మొన్న మంగళవారం పొద్దున వెళ్లాను. నల్లబల్ల మీద 'మాస్టరు ఊరికి వెళ్లాడు. దోసె లేదు. ఇడ్లీ ఉంది' అని రాసి ఉంది. నాలుగు ఇడ్లీలు తిని వచ్చాను.